చెల్క నేలలో తడి నిలుచుట ఎట్లు?

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున ఆలేరు ప్రాంతమును చూచినవారికి మొదట కంటబడునది ఎర్రనేల. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోను, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోను చేరియున్న ఈ సీమలో నల్లరేగడి అక్కడక్కడ మాత్రమే కలదు. తక్కినదానిలో హెచ్చుభాగము చెల్క, దుబ్బ. గ్రానైటు శిలలు యుగయుగములుగా చివికి ఏర్పడిన నేల ఇది. పైన ఇసుకపాలు హెచ్చు, లోతు తక్కువ, అడుగున మొరము. ఏటికి కురియు వాన సుమారు 700 నుండి 800 మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే, అదియు కొద్దిపాటి గట్టి వానలలోనే కురిసిపోవును. రెండు వానల నడుమ పది దినములు, ఒక్కొక్క యేడు ఇరువది దినములు బెట్ట వచ్చును. పైరు దక్కుటయో, ఎండుటయో ఆ బెట్ట దినములలోనే తేలిపోవును.

ఒకప్పుడు ఈ చెల్కలలో జొన్న, ఆముదము, కంది ప్రధానమైన పైరులు. నేడు ప్రత్తియు, నీరున్నచోట వరియు విస్తరించినవి. పైరు మారినను నేల మారలేదు. దాని దాహమును మారలేదు. కావున ఈ ప్రసంగములో మేము ఒక్క ప్రశ్ననే తీసికొనుచున్నాము. వాననీటిని నేలలో నిలుపుటకు కంపోస్టు ఎంత తోడ్పడును? రసాయనిక ఎరువు ఎంత తోడ్పడును? ఈ విషయమున రెండు వాదములు వినబడుచున్నవి. పెంట వేసిన నేల చెరువువలె నీటిని పట్టి ఉంచునని ఒకరు, మూట యూరియా చేయు మేలు బండెడు పెంట చేయలేదని మరొకరు. రెండు మాటలలోను కొంత నిజము, కొంత అతిశయము కలదు. వానిని వేరుచేసి చూచుట మా ఉద్దేశము.

ముందుగా నేల నీటిని ఎట్లు పట్టి ఉంచునో తెలిసికొందము. నేల అనగా గట్టి ముద్ద కాదు. దానిలో దాదాపు సగము ఖాళీయే. రేణువుల నడుమ పెద్ద సందులును, చిన్న సందులును ఉండును. వాన పడినప్పుడు పెద్ద సందులగుండా నీరు లోనికి దిగును. ఒకటి రెండు దినములలో ఆ సందులు ఖాళీయై వానిలో గాలి నిండును. చిన్న సందులలో చిక్కిన నీరు మాత్రము నిలిచి వేళ్లకు అందును. బంకమట్టి హెచ్చుగా గల రేగడిలో చిన్న సందులు అధికము. ఇసుకపాలు హెచ్చుగా గల చెల్కలో తక్కువ. అందుచేత ఒక మీటరు లోతుగల ఎర్రనేల పైరునకు అందునట్టి నీటిని సుమారు 100 మిల్లీమీటర్లు నిలువచేయగా, అంతే లోతుగల నల్లరేగడి 200 మిల్లీమీటర్లు, ఒక్కొక్కచో అంతకు పైగాను నిలువచేయును. ఎదిగిన పైరు ఎండకాసిన దినమున 5 మిల్లీమీటర్ల నీటిని సులభముగా త్రాగివేయును. చెల్క రైతు పది దినముల బెట్టకే ఆకాశమువైపు ఏల చూచునో ఈ లెక్కయే చెప్పును. పైగా చెల్క అన్నిచోట్ల మీటరు లోతు ఉండదు.

ఇప్పుడు కంపోస్టు సంగతి. చివికిన ఆకు, పేడ, కసవు నేలలో కలిసి నల్లని సేంద్రియ పదార్థముగా మారును. అది స్వయముగా నీటిని పీల్చి ఉంచుకొనునది. ఐనను ఎంత? ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన మినాస్ని, మెక్‌బ్రాట్నీ అను మృత్తికా శాస్త్రజ్ఞులు లోకములోని అనేక పరిశోధనల ఫలితములను కూర్చి 2018లో ప్రకటించిన లెక్క ఒకటి కలదు. నేలలో సేంద్రియ కర్బనము నూటికి ఒక వంతు పెరిగినచో, ప్రతి 100 మిల్లీమీటర్ల లోతునకు పైరునకు అందు నీరు సగటున 1.16 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. ఇసుకనేలలో ఈ పెరుగుదల కొంచెము హెచ్చు, బంకనేలలో తక్కువ.

దీనిని మన ఎకరమునకు అన్వయించి చూతము. పైమట్టి 15 సెంటీమీటర్ల లోతు అనుకొన్నచో పెరిగిన నిలువ సుమారు 1.7 మిల్లీమీటర్లు, అనగా ఎకరమునకు 7,000 లీటర్లు. వినుటకు పెద్దమొత్తమే. కాని పైరు దినమునకు 5 మిల్లీమీటర్లు త్రాగునప్పుడు ఇది ఒక దినములో మూడవ వంతు దాహమును మాత్రమే తీర్చును. ఇక చెల్కలలో సేంద్రియ కర్బనము తరచుగా నూటికి అర వంతు కంటె తక్కువ. దానిని ఒక పూర్తి వంతు పెంచుట అనగా మూడింతలు చేయుట. మన ఎండలలో చివుకుట శీఘ్రముగా సాగును గనుక అది రెండు మూడేండ్లలో అగు పని కాదు. కావున పెంట వేసినంత మాత్రమున నేల చెరువగునని చెప్పుట రైతునకు లేని ఆశ కల్పించుటయే.

ఐనచో పెంట వేసిన చేను బెట్టకు ఓర్చునని పెద్దలు చెప్పిన మాట కల్లయా? కాదు. ఆ మేలు వచ్చు దారి వేరు. గాదె ఎంత పెద్దదను ప్రశ్న ఒకటి. గాదె వాకిలి ఎంత వెడల్పను ప్రశ్న మరియొకటి. కంపోస్టు గాదెను కొంచెమే పెంచును గాని, వాకిలిని చక్కగా తెరచును.

చెల్క నేలకు గల పెద్ద దోషము పెచ్చు కట్టుట. గట్టి వానచినుకు బోసినేల మీద పడగనే పైమట్టి పెళ్లలు చితికి సన్నని రేణువులు విడివడును. అవి పైసందులను మూసివేయును. ఎండ కాయగనే పైన పలుచని పెచ్చు ఏర్పడును. మొలక దానిని చీల్చుకొని రాలేదు. తరువాతి వాన దానిని దాటి లోనికి దిగలేదు. నీరు ఎర్రగా వాగులకు పారును. అడుగున నేల ఎండియే ఉండును. గాదెలో చోటు కలదు, వాకిలి మాత్రము మూతపడినది.

సేంద్రియ పదార్థము, దానిని తిని బ్రతుకు సూక్ష్మజీవులు, శిలీంధ్రపు పోగులు, వానపాములు, సన్నని వేళ్లు – ఇవన్నియు రేణువులను గూర్చి చిన్నచిన్న ఉండలుగా కట్టును. ఈ ఉండలు చినుకుదెబ్బకు వెంటనే చితుకవు. ఉండల నడుమ పెద్ద సందులు నిలుచును. వానలో నీరు వానిగుండా దిగును.

దీని విలువను లెక్కించి చూతము. ఒక గట్టి వానలో 40 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. అందులో నాల్గవ వంతు పారిపోయినచో 10 మిల్లీమీటర్లు పోయినట్లు. అనగా ఎకరమునకు 40,000 లీటర్లకు పైగా. పైరునకు రెండు దినముల నీరు. అట్టి వానలు ఋతువునకు అయిదు వచ్చినచో పది దినముల నీరు వాగుపాలైనట్లు. బెట్ట అనగా సరిగా ఆ పది దినములే కదా! పారుచున్న దానిలో సగము లోనికి దిగినను కంపోస్టు ఋణము తీరును. వేళ్లు పట్టలేక మిగిలిన నీరు ఇంకను క్రిందికి దిగి బావికో, బోరునకో చేరును. గ్రానైటు పగుళ్లలో తప్ప నీరు దొరకని ఈ సీమలో అది చిన్న లాభము కాదు.

ఈ మాటకు పాత సాక్ష్యము ఒకటి ఇంగ్లండులో కలదు. రాథమ్‌స్టెడ్ అనుచోట బ్రాడ్‌బాక్ అను పొలములో 1843 నుండి నేటివరకు గోధుమను ప్రయోగముగా పండించుచున్నారు. ఒక మడికి ఏటేట ఎకరమునకు సుమారు 14 టన్నుల పశువుల ఎరువు, కొన్ని మడులకు రసాయనిక లవణములు, ఒకదానికి ఏమియు లేదు. 1849లో ప్రతి మడి క్రిందను మురుగుకాలువ గొట్టములు అమర్చిరి. 1870లో అచ్చట గొప్ప అనావృష్టి వచ్చినది. ఆ సందర్భమున లాస్, గిల్బర్టు అను శాస్త్రజ్ఞులు వ్రాసినదేమనగా, తక్కిన మడుల గొట్టములు ఏటికి నాలుగైదు పర్యాయములు ధారాళముగా పారుచుండగా, పశువుల ఎరువు వేసిన మడి గొట్టము ఏటికి ఒకసారి పారుటయే అరుదు. ఆ నేల నీటిని తనలోనే ఉంచుకొనెనన్నమాట. ఆ మడిలో సేంద్రియ కర్బనము నేడు ఎరువు వేయని మడికి రెండింతలకు పైగా కలదు. ఐతే అది చల్లని దేశము, బరువైన నేల, ఏటికి 14 టన్నుల ఎరువు, అదియు నూట డెబ్బది యేండ్లకు పైగా. ఆ ఫలితమును యథాతథముగా చెల్కకు దించరాదు. దిశ మాత్రము అదియే.

ఇక రసాయనిక ఎరువు. యూరియా గాని, డి.ఏ.పి. గాని, పొటాష్ గాని నేలలో కరగి పైరునకు ఆహారమగును. వానిలో నేల రేణువులను కూర్చు పదార్థము లేదు. కావున అవి నేరుగా నేలయొక్క నీటి నిలువను పెంచవు. అంతమాత్రమున అవి తడికి శత్రువులనుట న్యాయము కాదు. ఆకలిగొన్న పైరు వేళ్లు పైపైనే ఆగిపోవును. అడుగున తడి ఉన్నను అందుకొనలేదు. తగిన ఆహారము దొరికిన పైరు వేళ్లను లోతునకు పంపును, ఆకుతో నేలను త్వరగా కప్పును, ఉన్న నీటితోనే హెచ్చు గింజ పండించును. వేళ్లు, మోళ్లు నేలలో మిగిలినచో అవియే మరల సేంద్రియ పదార్థమగును. ఈ మేలు పరోక్షముగా వచ్చునది. చొప్పనంతయు తరలించి, మోళ్లను కాల్చివేసినచో అదియు దక్కదు.

హాని ఎక్కడ వచ్చును? మొదటిది, తడిలేని నేలలో విత్తనమునకు తాకునట్లు ఎరువు వేయుటవలన. ఎరువు ఉప్పువంటిది. ఊరగాయలో ఉప్పు కాయలోని నీటిని ఎట్లు లాగునో, అట్లే అది లేత వేరునుండి నీటిని లాగును. మాడినదని మనము చెప్పుకొనునది ఇదియే. రెండవది, యూరియాను ఎండనేలపై చల్లి వదలుట. దానిలోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలియును. మూడవది, ఏండ్ల తరబడి నత్రజని ఒక్కటే వేయుట. మన దేశమున 1970–71లో అనేక కేంద్రములలో ఆరంభమైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగములలో, రాంచీ, బెంగుళూరు ఎర్రనేలలయందు నత్రజని మాత్రమే పొందిన మడులు పులిసి, దిగుబడి దిగజారినది. నత్రజని, భాస్వరము, పొటాషియములతో పాటు పశువుల ఎరువును పొందిన మడులు నిలకడగా పండినవి. దోషము మూటలోని ఎరువునకంటె దానిని ఒంటరిగా వాడుటయందే హెచ్చు.

ఐనచో కంపోస్టుతోనే సరిపెట్టుకొనరాదా అని అడుగవచ్చును. ఇచ్చట బండి లెక్క అడ్డు వచ్చును. 45 కిలోల యూరియా మూటలో సుమారు 21 కిలోల నత్రజని కలదు. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర వంతు మాత్రమే. కావున ఆ ఒక్క మూటకు సాటి రావలెనన్నచో నాలుగు టన్నులకు పైగా పెంట కావలెను. ఎడ్లబండికి అర టన్ను చొప్పున ఎనిమిది బండ్లకు పైబడును. అదియైనను మొదటి యేడు అంతయు పైరునకు అందదు. ట్రాక్టరు వచ్చిన పిదప ఊళ్లలో ఎడ్లు తగ్గినవి, వానితో పేడయు తగ్గినది. ఇట్లని రసాయనములు లేక సేద్యము అసాధ్యమని మేము చెప్పుట లేదు. ఆలేరునకు తూర్పున జనగామ వైపు, లింగాలఘనపురం మండలములోని ఏనబావి గ్రామస్థులు 2006 నాటికి రసాయనిక ఎరువులను, పురుగు మందులను పూర్తిగా విడిచి సేద్యము చేయుచు పేరుపొందిరి. ఐతే వారు పెంట ఒక్కటే నమ్ముకొనలేదు. చెరువు మట్టి, కోళ్ల ఎరువు, వానపాముల ఎరువు కూడ వాడిరి. ఊరంతయు ఏకమై పూనుకొన్న శ్రమ అది.

అంతటి ఏర్పాటు లేని రైతునకు నడిమి దారి కలదు. హైదరాబాదు చెంత హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఎర్రనేలమీద జొన్న, ఆముదము, పెసర పైరులతో అనేక సంవత్సరములు చేసిన ప్రయోగములు ఈ దారినే చూపినవి. కంపోస్టు గాని, గ్లిరిసీడియా చెట్టు రెమ్మలు గాని వేసి, దానికి కొద్దిపాటి యూరియా తోడుచేసినచో దిగుబడియు నేల గుణమును రెండును నిలుచుచున్నవి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు ఎర్రనేలపై గడ్డి పరచి చూడగా, బోసినేలతో పోల్చినప్పుడు పారిపోవు నీరు తగ్గినది. చినుకుదెబ్బ నేరుగా నేలకు తగులకుండుటయే దానికి కారణము.

ఈ దారిలో కొన్ని జాగ్రత్తలు అవసరము. పచ్చిపెంటను పొలమునకు తోలరాదు. అది చెదలను పిలుచును, కలుపు విత్తనములను మోసికొని వచ్చును, చివుకునప్పుడు నేలలోని నత్రజనిని తానే తీసికొనును. సర్ ఆల్బర్ట్ హోవార్డు ఇందూరులో 1924 నుండి 1931 వరకు పనిచేసి కుదిర్చిన పద్ధతి నేటికిని పనికివచ్చునట్టిది. మూడడుగులకు మించని లోతున గుంట త్రవ్వి, కసవు, ఆకు, చొప్పముక్కలు ఒక పొర, పేడనీరు, బూడిద, కొంచెము మట్టి ఒక పొర – ఇట్లు నింపవలెను. పిండిన గుడ్డకు ఉండునంత తడి ఉండవలెను. రెండు మూడు వారములకు ఒకసారి, అయిదు వారములకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి తిరుగవేసినచో మూడు నెలలలో ఎరువు సిద్ధమగును. లోపల పుట్టు వేడికి కలుపు విత్తనములు చాలవరకు చచ్చును. నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన వచ్చుచుండిన అది పండినట్లు.

ఎరువును వేసవిలో తోలి చిన్న కుప్పలుగా పోసి నెలల తరబడి ఎండనిచ్చుట మన ఊళ్లలో సాధారణము. అది సారమును గాలికి ధారపోయుట. తొలివానకు ముందు చల్లి వెంటనే దున్ని కలిపివేయవలెను. ఎకరమునకు నాలుగు టన్నులు దొరికిన మంచిది. అంత దొరకనిచో పొలమును భాగములుగా చేసి, ఏటికి ఒక భాగమునకైనను నిండుగా వేయవచ్చును. ఒకసారి వేసి విడిచినచో చెల్క ఎండలకు ఆ ఫలము కొద్ది యేండ్లలో కరగిపోవును. భాస్వరపు ఎరువును విత్తనమునకు ప్రక్కగా, కొంచెము లోతున పడవేయవలెను. యూరియాను ఒకేసారి కాక, తడి ఉన్నప్పుడు చూచి రెండు మూడు విడతలుగా వేసి మట్టితో కప్పవలెను. బెట్టలో వేయరాదు. ఎంత వేయవలెనో భూసార పరీక్షనుబట్టి తెలిసికొనవలెను.

మరియొక పదార్థమును మరువరాదు. అది చెరువు పూడికమట్టి. చెల్కకు లేనిది బంకమట్టి. చెరువు అడుగున చేరినది అదియే. కంపోస్టు చివికిపోవును గాని బంకమట్టి చివుకదు. గాదెను నిజముగా పెంచునది అది. 2015లో తెలంగాణ ప్రభుత్వము 46,000కు పైగా చెరువులను బాగుచేయు సంకల్పముతో మిషన్ కాకతీయను ఆరంభించినప్పుడు, అనేక గ్రామములలో రైతులు ఆ మట్టిని తమ పొలములకు తోలుకొనిరి. ఐతే చవుడు గల మట్టి కాకుండ పరీక్షించి తోలవలెను.

ఇవన్నియు మాటలుగా మిగులకుండుటకు ఒక చిన్న పరీక్ష చెప్పి ముగింతుము. పట్టణములో కుండీలలో మొక్కలు పెంచు గృహిణులును, బడిపిల్లలును దీనిని చేయవచ్చును. ఏండ్లుగా దున్నిన చేనినుండి ఒక ఎండు పెళ్ల, అదే చేని గట్టుమీద చెట్టు క్రిందనుండి ఒక ఎండు పెళ్ల తీసికొనుడు. రెండు గాజుగ్లాసులలో నీరు పోసి వానిని మెల్లగా విడువుడు. చేని పెళ్ల కొద్ది నిమిషములలో చితికి అడుగున బురదయై, నీరు ఎర్రబారినచో, ఆ పొలమున వాననీటి వాకిలి మూతపడుచున్నదని అర్థము. చెట్టు క్రింది పెళ్ల నిలిచియున్నచో, ఆకు రాలి చివికి దానికి చేసిన మేలు అది. మృగశిర కార్తె రాకముందే ఈ పరీక్ష చేసి, ఆ యేటి పెంట మొదట ఏ మడికి చేరవలెనో నిర్ణయించుకొనుడు. నీరు ఎక్కడ మొదట ఎర్రబారునో, పెంట అక్కడకే మొదట చేరవలెను.